తల పట్టుకున్న బొమ్మ

నాగోల్ మెట్రో స్టేషను మెట్లు దిగి ఎల్.బి.నగర్ వైపు ఒక్క అర కిలోమీటరు నడిచి చూడండి. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో అయితే అంత దూరం కూడా అక్కర్లేదు. ఎక్కడ చూసినా పోస్టర్లే. బ్యాంకు పరీక్షల కోచింగు, ఇంటి భోజనం పెట్టే లేడీస్ హాస్టలు, ఆపరేషను లేకుండా మొలలకు చికిత్స, ఇంట్లో కూర్చుని నెలకు వేలు సంపాదించే మార్గం. వీటి మధ్య ఒక బాబాగారి పోస్టరు తప్పకుండా వుంటుంది. భార్యాభర్తల తగాదాలు, నిద్ర పట్టకపోవడం, చదువు మీద మనసు నిలవకపోవడం, ఎవరో ఏదో చేశారనే భయం... అన్నిటికీ ఇరవై నాలుగు గంటల్లో పరిష్కారం అని వుంటుంది. కింద ఫోను నెంబరు గుమ్మడికాయంత అక్షరాలతో వుంటుంది.

ఈ పోస్టరును నేను చాలా శ్రద్ధగా చదివాను. నవ్వకండి. అందులో చెప్పిన వైద్యం బూటకం కావచ్చు గాని, పోస్టరు మాత్రం బూటకం కాదు. రోగి తన బాధను ఏ మాటల్లో చెప్పుకుంటాడో ఆ మాటలతోనే అది మొదలవుతుంది. 'నిద్ర పట్టడం లేదా?' అని అడుగుతుంది. తరువాత ఏం చెయ్యాలో చెబుతుంది. ఎవరికి ఫోను చెయ్యాలో చెబుతుంది. మరి ఆరోగ్య ప్రచారం పేరిట మనం వేసే పోస్టర్లు చాలావాటిలో ఏముంటుంది? పైన అరడజను పెద్దల ఫొటోలు. మధ్యన 'మానసిక ఆరోగ్యాన్ని పరిరక్షించుకుందాం' అనే వాక్యం. కింద ప్రచురించిన వారి పేర్లు. దాన్ని చదివిన మనిషి ఇంటికి వెళ్ళి ఏం చెయ్యాలి? ఆ ప్రశ్నకు అందులో జవాబు లేదు.

ప్రతి ఏటా అక్టోబరు 10వ తేదీని ప్రపంచ మానసిక ఆరోగ్య దినంగా జరుపుతారు. 1992లో మొదలైన ఆచారం ఇది. ఆ తేదీ దగ్గర పడుతున్నదంటే మా ప్రాంతంలో కాలనీ సంఘాలవాళ్ళు, కాలేజీ పిల్లలు వచ్చి 'డాక్టరుగారూ, పోస్టర్లు వేద్దామనుకుంటున్నాం, ఏం రాయమంటారు?' అని అడుగుతూ వుంటారు. నేను మానసిక వైద్య నిపుణుణ్ణి కాను. ఎం.బి.బి.ఎస్. చదివి, ముప్పయ్యేళ్ళకు దగ్గరగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఓ.పి. చూస్తున్నవాణ్ణి. కాని మనసు జబ్బులతో బాధపడేవాళ్ళు మొదట నిపుణుడి దగ్గరకు పోరు. గుండెదడ అనో, కడుపులో మంట అనో, నీరసం అనో నాలాంటివాడి దగ్గరకే వస్తారు. అందుచేత ఆ పోస్టర్ల గురించి నాకు తోచినవి ఈ వారం రాస్తున్నాను. పోస్టర్లు వేసేవారికే కాదు, వాటిని చదివే ఇంటివారికి కూడా ఇందులో పనికివచ్చే సంగతులు వుంటాయి.

పిల్లలు తెచ్చి చూపించే బొమ్మల్లో పదింటికి ఏడెనిమిది ఒకే రకంగా వుంటాయి. నల్లటి గది, ఒక మూల మోకాళ్ళ మీద తల పెట్టుకుని, రెండు చేతులతో జుట్టు పట్టుకుని కూర్చున్న మనిషి. లేకపోతే గొలుసులు చుట్టిన మెదడు. ఇవి ఎక్కడివి? విదేశాల నుంచి వచ్చినవి. అక్కడివారే వీటిని వద్దనుకున్నారు. బ్రిటన్‌లో 2007 నుంచి 2021 దాకా 'టైం టు చేంజ్' అనే పెద్ద ప్రచారం నడిచింది. తల పట్టుకున్న బొమ్మలు వెయ్యవద్దని ఆ ప్రచారం వారు పత్రికలవారిని ప్రత్యేకంగా కోరారు, వాటికి బదులు మామూలు మనుషులు మామూలు పనుల్లో వుండగా తీసిన ఫొటోలు తామే ఇచ్చారు. జబ్బు వున్నవాళ్ళలో ఎక్కువమంది పగలంతా అలా కూర్చుని వుండరు. ఆఫీసుకు పోతారు, వంట చేస్తారు, నవ్వుతారు కూడా.

మన దగ్గర ఇంకో చిక్కు వుంది. మా ఓ.పి. గదిలో పనిచేసే ఆయమ్మకు అలాంటి బొమ్మ ఒకటి చూపించి, ఇదేమిటమ్మా అని అడిగాను. 'తలనొప్పి మాత్ర గురించి గదా సార్' అన్నది. పక్కనే నిలబడ్డ వాచ్‌మన్ 'కాదు, అప్పులపాలయిండు' అన్నాడు. ఇద్దరూ సరిగానే చదివారు. తలకు చేతులు పెట్టుకోవడమంటే మనకు నష్టం వచ్చిందని, దిక్కు తోచడం లేదని గుర్తు. పిల్లలు ఆ పని చేస్తే పెద్దవాళ్ళు కసిరి చేతులు దింపిస్తారు. బొమ్మలకు కూడా భాష వుంటుంది. ఇంగ్లండు బొమ్మ తెలుగులో ఇంకో అర్థం చెబుతుంది.

అర్థం కాకపోవడం చిన్న నష్టమే. పెద్ద నష్టం వేరే వుంది.

నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక తల్లి సంగతి చెబుతాను. ఆమె కొడుక్కి ఇరవై మూడేళ్ళు. డిగ్రీ చదివి, గ్రూపు పరీక్షల కోచింగు కోసం దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో చేరాడు. కొన్నాళ్ళకు క్లాసులకు పోవడం మానేశాడు. రాత్రంతా మేలుకుని వుండేవాడు. గదిలోని తక్కిన ముగ్గురూ తన గురించే మాట్లాడుకుంటున్నారని, తన ఫోనులోవన్నీ వాళ్ళకు తెలిసిపోతున్నాయని అనేవాడు. స్నానం తగ్గింది. ఎవరూ లేనప్పుడు ఎవరికో జవాబు చెబుతున్నట్టు పెదవులు కదిలేవి. తల్లి నాగోల్‌లో వున్న తమ్ముడి ఇంటికి తెచ్చి పెట్టుకుంది. ఇంత జరుగుతున్నా తొమ్మిది నెలలు ఏ డాక్టరుకూ చూపించలేదు. ఆమె నిర్లక్ష్యం మనిషి కాదు, కొడుకు కోసం ఎంత దూరమైనా పోయే మనిషి. మరి ఎందుకు చూపించలేదమ్మా అంటే, ఎక్కడో ఒక ఆసుపత్రి గోడ మీద చూసిన బొమ్మ గురించి చెప్పింది. అట్టలు కట్టిన జుట్టు, చిరిగిన బట్టలు, కాలికి గొలుసు. కింద 'మానసిక వ్యాధి నయమవుతుంది' అని రాసి వుందట.

'మావోడు అట్ల లేడు గద సార్' అన్నది. 'మంచిగ బట్టలేసుకుంటడు. ఎవ్వర్ని కొట్టలె, ఏమనలె. గది తలుపేసుకుని కూసుంటడు, గంతే. పిచ్చంటే గట్లుంటది గావచ్చు, మా పిల్లగానికి గది కాదనుకున్న.'

ఆ పోస్టరు వేసినవారి ఉద్దేశం మంచిదే. నయమవుతుందనే రాశారు. కాని బొమ్మ ఆమెకు ఇంకో సంగతి నేర్పింది: జబ్బంటే ఇలా వుండాలి, ఇలా లేకపోతే జబ్బు కాదు. ఆ అబ్బాయికి వచ్చినది స్కిజోఫ్రేనియా. ఈ జబ్బులో మొదటి లక్షణాలు కనబడినప్పటి నుంచి మందు మొదలయ్యేదాకా గడిచే కాలం ఎంత ఎక్కువైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది. తొమ్మిది నెలలు తక్కువ కాదు. ఇప్పుడతను మాత్రలు వాడుతూ ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. పరీక్షల సంగతి ఇంకా ఎత్తడం లేదు.

ఈ పాఠం మాకు కొత్తది కాదు. పాత తరం డాక్టర్లకు కుష్ఠువ్యాధి పోస్టర్లు గుర్తుంటాయి. వాటి నిండా వేళ్ళు అరిగిపోయిన చేతులు, కూలిపోయిన ముక్కు. ఫలితం ఏమిటంటే, వీపు మీద స్పర్శ లేని మచ్చ ఒకటి వున్నవాడు ఆ బొమ్మ చూసి 'నా వేళ్ళు బాగానే వున్నాయి గదా' అని నిశ్చింతగా ఇంటికి పోయేవాడు. 1983లో జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం మొదలై, రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చాక పోస్టరు కూడా మారింది. పాలిపోయిన మచ్చ బొమ్మ వేసి, 'దీనికి స్పర్శ వుందో లేదో చూసుకోండి' అని రాయడం మొదలుపెట్టారు. జబ్బు చివర ఎలా వుంటుందో కాదు, మొదట్లో ఎలా వుంటుందో చూపించాలి. మచ్చ అంటే ఎవరి ఒంటి మీదనైనా వుండేదే. అందుకే జనం చొక్కాలు విప్పి చూసుకున్నారు.

మరి మనసు జబ్బులకు ఆ 'మచ్చ' ఏమిటి? ఇది ఆలోచించవలసిన విషయం. నా లెక్కలో అది మార్పు. మనిషి నిన్నటిదాకా ఎలా వుండేవాడు, ఇప్పుడు ఎలా వున్నాడు? ఇది ఇంట్లోవాళ్ళకు తెలిసినంతగా ఏ డాక్టరుకూ తెలియదు. అందుచేత బొమ్మ కూడా ఇంటి బొమ్మే కావాలి. పొద్దున్నే లేచి ముగ్గు పెట్టే ఆవిడ నెల రోజులుగా గడప దాటి రావడం లేదు. వాకిలి ఖాళీగా వుంది, పక్కింటివాళ్ళ ముగ్గు కనబడుతోంది. ఈ బొమ్మ చూస్తే ఎవరికీ వివరించనక్కరలేదు. కింద ఒక్క వాక్యం చాలు: 'రెండు వారాలకు పైగా దేని మీదా మనసు పోకపోతే, దిగులు వదలకపోతే, అది బద్ధకం కాదు, డిప్రెషన్ కావచ్చు.' అలాగే హాస్టలు గదిలో నాలుగు మంచాలు, మూడింటి మీద పుస్తకాలు, నాలుగో మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్న కుర్రాడు. 'అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారంటున్నాడా? నిద్ర పోవడం లేదా? ఎగతాళి చెయ్యకండి, డాక్టరుకు చూపించండి.'

బాలింతల సంగతి మరీ ముఖ్యం. పురుడు వచ్చిన మొదటి వారంలో ఊరికే కన్నీళ్ళు రావడం చాలామందికి వుంటుంది, నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది. సర్దుకోకుండా వారాల తరబడి దిగులుగా వుండి, బిడ్డను ఎత్తుకోవాలనే అనిపించకపోతే అది జబ్బు. నిద్ర పూర్తిగా పోయి, సంబంధం లేని మాటలు మాట్లాడుతూ వుంటే అది అత్యవసర పరిస్థితి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకురావాలి. మన ఇళ్ళల్లో దీన్ని గాలి సోకిందనో, బాలింత వాతమనో, లేదా ఆడపిల్ల పుట్టిందని ఏడుస్తోందనో అంటారు. ఈ పోస్టరు అంగన్‌వాడీలోనూ, టీకాలు వేసే గదిలోనూ వుండాలి. అత్తగారి కళ్ళబడాలి. మన దేశంలో బాలింతను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలా వద్దా అని నిర్ణయించేది బాలింత కాదు గదా!

ఒక పోస్టరుకు ఒకే విషయం. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు వినరు. ఒకే కాగితం మీద డిప్రెషను, స్కిజోఫ్రేనియా, మూర్ఛ, మద్యం, సెల్‌ఫోను వ్యసనం, ముసలితనపు మతిమరుపు అన్నీ ఎక్కిస్తారు. మూర్ఛ అయితే మనసు జబ్బే కాదు, మెదడుకు వచ్చే జబ్బు. అదేమైనా పాఠ్యపుస్తకమా? బస్సు కోసం నిలబడ్డ మనిషి ఎనిమిది సెకండ్లు చూస్తే గొప్ప.

మాటల దగ్గరకు వద్దాం. 'పిచ్చి', 'మెంటల్' అనే మాటలు పోస్టరులో రాకూడదని అందరికీ తెలుసు. కాని వాటికి బదులు వాడే సంస్కృత పదాలు ఎవరికీ ఎక్కవు. 'మనోవైకల్యం' అని రాస్తే చదివినవాడు వైకల్యమంటే అంగవైకల్యమనుకుంటాడు. జపానువారు ఈ విషయంలో ఒక మంచి పని చేశారు. స్కిజోఫ్రేనియాకు వారి భాషలో 'మనసు చీలిపోయిన జబ్బు' అనే అర్థం వచ్చే పేరు వుండేది. రోగుల కుటుంబాలు అడగగా అడగగా 2002లో ఆ పేరు తీసేసి వేరే పేరు పెట్టారు. ఆ తరువాత డాక్టర్లు జబ్బు పేరును రోగులకు దాచకుండా చెప్పడం పెరిగింది. మనం అంత దూరం పోనక్కరలేదు. మా ఓ.పి.లో జనం వాడే మాటలే తీసుకుందాం. 'మనసు మంచిగ లేదు', 'పరేషానుగుంది', 'దిల్ లగ్తలేదు', 'టెన్షన్', 'ఊరికే భయమైతున్నది'. మా వైపు తెలుగు మాట్లాడేవారిలోనే కోస్తావారున్నారు, నల్గొండవారున్నారు, పాలమూరువారున్నారు, ఉర్దూ మాట్లాడేవారున్నారు. 'నిద్ర పట్టడం లేదా?' అంటే అందరికీ తెలుస్తుంది. డిప్రెషను అనే మాట కూడా ఇప్పుడు అందరికీ తెలిసిందే, దానికి కొత్త తెలుగు పేరు వెతకవద్దు.

ఎర్రగడ్డ సంగతి కూడా చెప్పాలి. హైదరాబాదులో ఒకణ్ణి ఎగతాళి చెయ్యాలంటే 'వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి' అంటారు. విశాఖ జిల్లాల్లో చినవాల్తేరు పేరు అలాగే వాడతారు. చినవాల్తేరు ఆసుపత్రి 1871లో పుట్టినది. ఎర్రగడ్డ ఆసుపత్రి నిజాం రాజ్యంలోని జాల్నా నుంచి ఇక్కడికి తరలివచ్చినది. రెండూ ఎన్నో వేలమందికి ఉచితంగా వైద్యం చేసిన చోట్లు. ఊరి పేరు తిట్టు అయిపోయింది. పోస్టరులో 'ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, ఓ.పి. వుంది, చూపించుకుని ఇంటికి రావచ్చు' అని మామూలుగా, రేషను షాపు వేళలు రాసినట్టు రాయాలి. అక్కడికి పోయినవాళ్ళందరినీ లోపల పెట్టేస్తారనే భయం ఇంకా వుంది. అది నిజం కాదు. వచ్చినవారిలో ఎక్కువమంది మందులు తీసుకుని అదే రోజు ఇంటికి పోతారు.

గొలుసుల బొమ్మ ఎందుకు వద్దో ఇంకో మాట. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకుని, గొలుసులతో కట్టివేసి వున్న 28 మంది మనోరోగులు కాలిపోయారు. పరుగెత్తే వీలు లేక చనిపోయారు. ఇప్పుడు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే 29 నుంచి అమలులో వున్నది, రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. అమెరికాలో 1953లో పాత పిచ్చాసుపత్రుల నుంచి సంకెళ్ళూ గొలుసులూ పోగుచేసి, కరిగించి, మూడు వందల పౌండ్ల గంట ఒకటి పోతపోశారు. వాళ్ళ సంస్థకు అదే చిహ్నం. గొలుసును చూపించదలిస్తే అలా చూపించాలి. కాలికి తగిలించి మాత్రం కాదు.

గుళ్ళు, దర్గాలు, భూతవైద్యాల విషయంలో మన యువకులకు ఆవేశం ఎక్కువ. వేపమండల బొమ్మ వేసి దాని మీద ఎర్రగా ఇంటూ గుర్తు కొట్టుకొస్తారు. మూఢనమ్మకం అని పెద్ద అక్షరాలు. ఆ కాగితం ఎవరి కోసమో, వాళ్ళు దాన్ని చూడగానే మొహం తిప్పుకుంటారు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా వుంది. అక్కడికి మనోరోగులను తెచ్చేవారు ఎక్కువ. 2008 ప్రాంతంలో అక్కడ డాక్టర్లు దర్గావారితో మాట్లాడుకుని, దర్గా దగ్గరే మానసిక వైద్యుల క్లినిక్కు పెట్టారు. దువా ఆపమనలేదు, దానితో పాటు దవా కూడా అన్నారు. మన పోస్టరు కూడా అలాగే వుండవచ్చు: 'మొక్కు తీర్చుకోండి. మాత్రలు కూడా వాడండి.' కొట్టడం, పొగ పెట్టడం, వాతలు పెట్టడం, పస్తులు వుంచడం మాత్రం ఒప్పుకోకూడదు. ఆ మాట స్పష్టంగా రాయాలి.

మందుల గురించి జనానికి మూడు భయాలు. అలవాటైపోతాయని, మనిషిని మొద్దుబారుస్తాయని, షాకు పెడతారని. వీటికి జవాబు చెప్పే పోస్టరు నేను ఎక్కడా చూడలేదు. నిద్రమాత్రలు కొన్ని ఎక్కువకాలం వాడితే అలవాటయ్యే మాట నిజమే. డిప్రెషనుకు ఇచ్చే మందులు ఆ కోవలోవి కావు. కాని వాటినైనా ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. అవి పని చెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారం వాడి గుణం లేదని మానేసేవాళ్ళే ఎక్కువ. ఈ ఒక్క సంగతి పోస్టరుకు ఎక్కిస్తే ఎన్నో ఇళ్ళల్లో మందు సగంలో ఆగిపోదు. స్కిజోఫ్రేనియాకు 1952 దాకా సరైన మందే లేదు. ఆ సంవత్సరం ఫ్రాన్సులో క్లోర్‌ప్రొమజీన్ వాడకం మొదలైంది. ఇప్పుడు అంతకన్నా మంచివి వున్నాయి. కొన్నిటితో మొదట మగతగా వుంటుంది, కొన్నిటితో ఒళ్ళు వస్తుంది. అది డాక్టరుకు చెబితే మోతాదు మారుస్తారు, మందు మారుస్తారు. షాకు అని జనం అనేది కొన్ని తీవ్రమైన పరిస్థితుల్లో నిజంగా ప్రాణం నిలబెట్టే చికిత్స. మత్తు ఇవ్వకుండా, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా దాన్ని ఇవ్వడాన్ని పైన చెప్పిన చట్టమే నిషేధించింది. సినిమాల్లో చూపించేది మరిచిపోవాలి.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా వెయ్యవలసిన పోస్టరు ఆత్మహత్యల గురించి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన తరువాత మన రాష్ట్రంలో ఎందరో పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అలాంటి సమయాల్లో వేసే పోస్టర్లలో ఉరితాడు, పురుగుల మందు డబ్బా, రైలు పట్టాలు కనబడతాయి. దయచేసి ఇవి వెయ్యవద్దు. అప్పటికే ఆ ఆలోచనలో వున్న పిల్లవాడికి మనం దారి చూపినట్టవుతుంది. 'ఆత్మహత్య పిరికితనం' అని కూడా రాయకూడదు. తాను ఎందుకూ పనికిరాననుకుంటున్నవాడికి నువ్వు పిరికివాడివి కూడా అని చెప్పడం వైద్యమవుతుందా? చట్టం కూడా మారింది. ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో వున్నట్టే భావించి చికిత్స ఇవ్వాలంటుంది 2017 చట్టం. ప్రయత్నమే నేరమనే పాత 309వ సెక్షను కొత్త న్యాయసంహితలో లేనే లేదు. కేసవుతుందని భయపడి ఆసుపత్రికి తేకుండా ఆలస్యం చేసే కుటుంబాలు ఇప్పటికీ వున్నాయి. వాళ్ళకు ఈ సంగతి తెలియాలి.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది: 'చచ్చిపోవాలనిపిస్తోందా అని పిల్లవాణ్ణి అడిగితే, లేని ఆలోచన మనమే పుట్టించినట్టు కాదా?' కాదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది, చెబుతారు. అవునంటే ఒంటరిగా వదలవద్దు, ఇంట్లో మందులూ పురుగుల మందూ చేతికి అందకుండా తీసెయ్యండి, ఆ రోజే చూపించండి. ఈ పోస్టరు రోడ్డు మీద కాదు, హాస్టలు గది తలుపుకు లోపలివైపు అంటించాలి. రాత్రి రెండు గంటలకు మేలుకున్నవాడికి కనబడేది అదే.

రాయడంలో కొన్ని చిన్న సంగతులు. పది అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం కనీసం అంగుళం ఎత్తు వుండాలి. మన లిపికి పైన గుడులూ కింద ఒత్తులూ వుంటాయి కాబట్టి ఇంగ్లీషు కన్నా వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుకుని చదవడానికి వీలుండదు. కంప్యూటరులో అక్షరాలను పక్కలకు సాగదీయడం మానుకోవాలి. పసుపు మీద నలుపు బాగా కనబడుతుంది. ఎరుపు వద్దు, అపాయమని చెప్పే రంగు అది. మనుషుల ముఖాలు మన ముఖాల్లా వుండాలి. కుటుంబ నియంత్రణకు ఎర్ర త్రికోణం పనిచేసిందంటే, చదువురానివారు కూడా దాన్ని గుర్తుపట్టగలగడం వల్లనే.

అచ్చుకు ఇచ్చేముందు ఒక అయిదుగురికి చూపించండి. స్నేహితులకు కాదు. ఆటో డ్రైవరుకు, కూరగాయల ఆవిడకు, హాస్టలు వంటమనిషికి, పదో తరగతి పిల్లకు, ఒక ముసలాయనకు. 'బాగుందా?' అని అడగవద్దు, మొహమాటానికి బాగుందంటారు. 'ఇది చూస్తే ఏం తెలుస్తోంది? చూసినాక ఏం చేస్తారు?' అని అడగండి. వీలైతే జబ్బు నుంచి కోలుకున్నవారికీ, వారి ఇంటివారికీ తప్పకుండా చూపించండి. కోలుకున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడటం జనంలో వున్న భయాన్ని తగ్గించినంతగా, 'ఇది మెదడులో రసాయనాల లోపం' అని రాయడం తగ్గించదని పరిశోధనలు చెబుతున్నాయి. రసాయనాల మాట విన్నవారు మందు వాడాలని ఒప్పుకుంటారు గాని, పక్కింట్లో అద్దెకు ఇల్లివ్వడానికి మాత్రం వెనకాడుతూనే వుంటారు.

ఇదంతా ఎందుకింత పట్టింపు అంటే, 2015-16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో వున్నారు. వారిలో చికిత్స అందనివారు, జబ్బును బట్టి, నూటికి 70 నుంచి 92 మంది దాకా వున్నారు. ఈ జబ్బులకు వాడే ముఖ్యమైన మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చేవే.

పోస్టరు అడుగున నెంబరు వుండాలి. 14416. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించినది. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పేరు చెప్పకపోయినా ఫరవాలేదు. ఈ అయిదంకెలు బాబాగారి నెంబరు కన్నా పెద్దవిగా వుండాలి. దాని పక్కన దారి రాయండి. దగ్గరలోని బస్తీ దవాఖానాలో మొదట చెప్పుకోవచ్చు. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఎర్రగడ్డ పోవాలంటే నాగోల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి, మియాపూర్ వైపు పోయే రైలు పట్టుకోవాలి. ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్‌వారికి మారే పని కూడా లేదు, ఎక్కిన రైలే ఎర్రగడ్డలో ఆగుతుంది. రోగికి ఇదివరకటి మందుల చీటీలు ఏవైనా వుంటే, ఇంకో జబ్బుకు వాడేవైనా సరే, వెంట తీసుకుపోవాలి. లక్షణాలు ఎప్పటినుంచి మొదలయ్యాయో దగ్గరగా చూసిన మనిషి ఒకరు తోడు వెళ్ళాలి.

మెట్రో స్తంభాల మీద అంటించవద్దు, జరిమానా వేస్తారు. మందుల షాపు, టిఫిను సెంటరు, రేషను షాపు, గుడి దగ్గర చెప్పులు విడిచే చోటు, హాస్టళ్ళ స్నానాల గదుల తలుపులు, వీటికి యజమానులను అడిగితే కాదనరు. ఎండ తగిలే గోడ మీద కాగితం రెండు నెలలు కూడా నిలవదు, మార్చి నాటికి మళ్ళీ వెయ్యాలి. పరీక్షల కాలం కూడా అదే. అడుగున నాలుగంగుళాల చోటు ఖాళీగా వదలండి. మీ దగ్గరి ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఏ రోజు వస్తారో కనుక్కుని, అక్కడ చేత్తో రాసి పెట్టండి. ఆ రోజు మారితే దాని మీద చిన్న కాగితం అంటిస్తే సరిపోతుంది.